ఏజీఓ1 vs కాదు, ఏజీఓ1తో ఏజీఓ18: వరిలో పాతకాపు, కొత్తకాపు

చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని పట్టుకుని పనిచేసే ఆర్గొనాట్ (ఏజీఓ) ప్రొటీన్లు వరిలో 19, ల్యాబుల్లో ప్రయోగాలకి వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 10 మాత్రమే. వరిలో ఉన్నవాటిలో ఏజీఓ1, ఏజీఓ18 అనే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే భలే ఉంటుంది.

ఏజీఓ1 పాతకాపు, నాచుమొక్కల్లో కూడా ఉంది. 21 అక్షరాల మైక్రోఆర్‌ఎన్‌ఏ ముక్కని పట్టుకుని, దానికి సరిపోయే, జీన్ సందేశం మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ దొరకగానే కత్తిరించేస్తుంది, అంటే జీన్ నోరు నొక్కేయడమే. అరబిడాప్సిస్‌లో ఇది పాడైతే ఆకులు సన్నగా గొట్టాల్లా వస్తాయి, 1998లో ఆ మొక్కని చూసినోళ్ళకి ఆర్గొనాటా అనే చిన్న ఆక్టోపస్ గుర్తొచ్చింది, పేరు అలా అతుక్కుపోయింది. వరిలో దీనికి నాలుగు కాపీలు.

ఏజీఓ18 కొత్తది, వరి, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి వాటిల్లో ఉంటుంది, అరబిడాప్సిస్‌లో లేనే లేదు. దీని ట్రిక్కే వేరు. మామూలుగా ఏజీఓ1 మరీ పెరిగిపోకుండా మైక్రోఆర్‌ఎన్‌ఏ 168 అదుపులో పెడుతుంది కదా, వైరస్ సోకగానే ఏజీఓ18 పెరిగి ఆ 168నే తన గుప్పిట్లో పెట్టేసుకుంటుంది, దాంతో అడ్డం లేక ఏజీఓ1 పెరిగి వైరస్ మీద పడుతుంది!

నన్నడిగితే తెలివి ఏజీఓ18దే, కానీ చెయ్యి చేసుకునేది మాత్రం ఏజీఓ1, ఈ 168 ట్రిక్కు విషయంలో అది లేకపోతే ఈ కొత్తది చేసేదేం లేదు.