కార్వెండెల్‌లో గ్రావెల్ సైకిల్ తొక్కాలంటే ఏ లోయ మేలు?

ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ నగరానికి ఉత్తరాన, జర్మనీ సరిహద్దును ఆనుకుని కార్వెండెల్ ప్రకృతి పార్కు ఉంది. 700 చదరపు కిలోమీటర్లకు పైబడిన సున్నపురాయి కొండలివి. 1928 నుంచే ఇక్కడి ప్రకృతికి చట్టరక్షణ ఉంది. పెద్ద లోయల్లో చాలావరకు ఊళ్లు లేవు, మామూలు కార్లను రానివ్వరు. పడమటి అంచున షార్నిట్స్ అనే చిన్న ఊరుంది, ఎత్తు 964 మీటర్లు. అక్కడి నుంచి మూడు కంకర దారులు మూడు లోయల్లోకి వెళ్తాయి: హింటరౌటాల్, కార్వెండెల్‌టాల్, గ్లైర్ష్‌టాల్ (టాల్ అంటే లోయ). ఒకే రోజు ఉంటే దేన్ని ఎంచుకోవాలి?

ఎవరినడిగినా ముందు కార్వెండెల్‌టాల్ పేరే చెబుతారు. ఆ లోయ చివర 1,771 మీటర్ల ఎత్తున కొండకు అతుక్కుని కార్వెండెల్‌హౌస్ అనే విడిది ఉంది. ఈ కొండల్లోకెల్లా ఎత్తైన బిర్క్‌కార్‌ష్పిట్సె (2,749 మీటర్లు) ఎక్కేవాళ్లు రాత్రికి అక్కడే ఆగుతారు. సైకిల్ మీద అక్కడికి చేరడం చాలామందికి ఏళ్ల కోరిక. నా మాట మాత్రం వేరు. మౌంటెన్ బైక్ కన్నా సన్న టైర్లు, వంపు హ్యాండిల్‌తో కంకర దారుల కోసం చేసిన గ్రావెల్ సైకిల్‌కి హింటరౌటాలే మేలు.

ముందు కార్వెండెల్‌హౌస్ దారి సంగతి చూద్దాం. షార్నిట్స్ నుంచి సుమారు 18 కిలోమీటర్లు, 800 మీటర్లకు పైగా ఎక్కాలి. ఊరు దాటగానే నిటారు ఎక్కుడు ఊపిరి తీయనివ్వదు. ఆ తర్వాత లోయ విప్పారుతుంది. లార్చెటాల్మ్, ఆంగెరాల్మ్ అనే వేసవి పశువుల మేత నేలల మీదుగా దారి చాలాసేపు హాయిగా సాగుతుంది. అసలు పరీక్ష చివర్లో ఉంటుంది. వంపు మీద వంపు తిరుగుతూ కొండ ఎక్కే ఆ భాగంలో ముందు పళ్లచక్రం కన్నా వెనకది పెద్దదైతే తప్ప కూర్చుని తొక్కలేం. లేచి నిలబడితే వెనక చక్రం కంకరలో జారుతుంది. ఎక్కినవాళ్లకు దక్కే దృశ్యం మాత్రం ఆ కష్టానికి తగినదే, అందులో సందేహం లేదు.

నా అభ్యంతరం దిగుడు దగ్గర. చాలామంది వచ్చిన దారినే తిరిగి రాకుండా, విడిది పైనున్న 1,803 మీటర్ల కనుమ దాటి అవతలి వైపు క్లైనర్ ఆహోర్న్‌బోడెన్‌కు దిగుతారు. అది 1,400 మీటర్ల ఎత్తున ముదుసలి మేపుల్ చెట్లున్న పచ్చిక. 1870 వేసవిలో ఒంటరిగా తిరుగుతూ ఈ కొండల్లో 88 శిఖరాలు ఎక్కిన జర్మన్ పర్వతారోహకుడు హెర్మన్ ఫోన్ బార్త్ స్మారకం అక్కడే ఉంది. చూడాల్సిన చోటే. కానీ ఆ 400 మీటర్ల దిగుడులో వదులు రాళ్లు ఎక్కువ. ముందు షాక్ అబ్జార్బర్ ఉన్న మౌంటెన్ బైక్‌కి అది ఆట. గ్రావెల్ సైకిల్ మీద మాత్రం బ్రేకులు పట్టి పట్టి చేతులు మొద్దుబారతాయి, చూపంతా ముందు చక్రం మీదే ఉంటుంది. ఆ చెట్ల మధ్యకు వచ్చేసరికి వాటిని చూసే ఓపిక మిగలదు.

ఇంకో చిక్కుంది. అక్కడి నుంచి యోహానెస్‌టాల్ మీదుగా హింటర్‌రిస్‌కు చేరితే కార్లు లేని దారి అయిపోయినట్టే. హింటర్‌రిస్ ఆస్ట్రియా ఊరే అయినా కారులో వెళ్లాలంటే జర్మనీ వైపు నుంచే రావాలి. అందుకే వేసవి సెలవు రోజుల్లో రిస్ లోయ రోడ్డు మీద కార్లు, మోటార్ సైకిళ్లు వరసగా వస్తుంటాయి. జర్మనీలోని ఫోర్డర్‌రిస్ ఊరి వైపు తిరిగి చుట్టు పూర్తి చేసేవాళ్లకు రోజులో సగం ఆ హోరుతోనే గడుస్తుంది. కార్లకు దూరంగా తొక్కడం కోసమే ఇంత దూరం వచ్చినవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇక హింటరౌటాల్. ఇది ఈజార్ నది పుట్టే లోయ. మ్యూనిక్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఈజార్‌ను పరిచయం చేయక్కర్లేదు, వేసవి సాయంత్రాలు పిల్లల్ని తీసుకుని కూర్చునేది దాని ఒడ్డునే. 295 కిలోమీటర్లు పారి డాన్యూబ్‌లో కలిసే ఆ నది ఇక్కడ తెల్లటి గులకరాళ్ల మధ్య పాయలు పాయలుగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. దారి చాలాసేపు నదిని విడిచిపెట్టదు. షార్నిట్స్ నుంచి సుమారు 13 కిలోమీటర్లు వెళ్తే నీళ్లు నేలలోంచి ఊటలుగా ఉబికివచ్చే చోటు వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే 1,220 మీటర్ల దగ్గర కాస్టెనాల్మ్ అనే మేత నేల. బయలుదేరిన చోటుకీ దీనికీ ఎత్తులో తేడా సుమారు 250 మీటర్లే. మధ్యలో చిన్న చిన్న ఎత్తుపల్లాలుంటాయి గానీ భయపెట్టేవి కావు.

గ్రావెల్ సైకిల్ పుట్టింది ఇలాంటి దారి కోసమే అనిపిస్తుంది. గట్టిపడిన కంకర, సాగుతూ పోయే వాలు, తలెత్తి చుట్టూ చూడగలిగేంత నిదానం. 40 మిల్లీమీటర్ల టైర్లు చాలు, ట్యూబ్‌లెస్ అయితే గాలి కాస్త తగ్గించుకుని ఇంకా మెత్తగా పోవచ్చు. తిరుగు ప్రయాణంలోనూ పెడల్ మీద పని ఉంటుంది, బ్రేకు మీద కాదు. ఆ తేడాతోనే నా తీర్పు ఇటు మొగ్గింది. అప్పుడే తొక్కడం నేర్చిన పిల్లలున్న కుటుంబాలు కూడా ఊటల దాకా వెళ్లి వెనక్కి రాగలవు. కార్వెండెల్‌టాల్‌లో అలా కుదరదు, తొలి ఎక్కుడులోనే పిల్లలు డీలా పడతారు.

కాస్టెనాల్మ్ దాటాక 1,768 మీటర్ల ఎత్తున ఉన్న హాలరాంగర్‌హౌస్ అనే విడిదికి దారి ఉంది. అది నిటారుగా ఉంటుంది, 550 మీటర్ల దాకా ఎక్కాలి. కండబలం ఉన్నవాళ్లు, బ్యాటరీ సైకిళ్లవాళ్లు తొక్కుకుంటూ వెళ్తారు. నన్నడిగితే కింద సైకిల్‌కి తాళం వేసి నడిచి వెళ్లడమే బాగుంటుంది. సైకిల్‌తో లోయ, కాళ్లతో కొండ: ఒకే రోజులో రెండూ దక్కుతాయి. దానికి పొద్దున్నే బయలుదేరాలి, ఎందుకంటే వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ ఉరుముల వానలు తరచూ వస్తాయి.

గ్లైర్ష్‌టాల్ గురించి చెప్పాల్సింది తక్కువే. మొదట్లో హింటరౌటాల్ దారితో కలిసి నడిచి, ఆపైన కుడివైపు విడిపోతుంది. 1,262 మీటర్ల దగ్గరున్న మ్యోస్లాల్మ్ అనే మేత నేల దాకా వెళ్లి రావడానికి సగం రోజు సరిపోతుంది. మధ్యాహ్నం రైలు దిగినవాళ్లకు, వాన భయం ఉన్న రోజుకు ఇది సరైనది. అడవి నీడ ఎక్కువ, జనం తక్కువ.

ఏ లోయకు వెళ్లినా కార్లు లేవంటే బండ్లే ఉండవని కాదు. అటవీ పనివాళ్లవి, విడిదులకు సరుకులు తెచ్చేవి, రైతులవి తిరుగుతుంటాయి, కనబడని మలుపుల్లో కుడి పక్కనే ఉండాలి. ఇంకా ముఖ్యమైనది ఆస్ట్రియా అటవీ చట్టం. 1975 నాటి ఆ చట్టం అడవిలో ఎవరైనా నడవచ్చంటుంది గానీ, సైకిల్‌కి యజమాని అనుమతి ఉండాలంటుంది. ఈ లోయలున్న టిరోల్ రాష్ట్రం భూయజమానులతో ఒప్పందాలు చేసుకుని కొన్ని దారులు తెరిపించింది. సైకిల్ బొమ్మతో బోర్డు ఉన్న దారే మనది. పక్కనున్న కాలిబాట మ్యాప్‌లో ఎంత ఊరించినా దిగకూడదు. నదిలోని గులకరాళ్ల దిబ్బల మీదికి సైకిల్ ఎక్కించడం అసలే వద్దు, అక్కడ రాళ్ల మధ్య గుడ్లు పెట్టే చిన్న పక్షులున్నాయి.

మ్యూనిక్ నుంచి వచ్చేవాళ్లకు కారు అక్కరే లేదు. సరిహద్దు దగ్గరి జర్మనీ ఊరు మిట్టెన్‌వాల్డ్ దాకా ప్రాంతీయ రైల్లో డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లు, బస్సులకు పనికొచ్చే నెల టికెట్) చెల్లుతుంది, సైకిల్‌కి మాత్రం వేరే టికెట్ తీసుకోవాలి. అక్కడి నుంచి షార్నిట్స్‌కు ఈజార్ వెంబడి సైకిల్ మీదే వెళ్లిపోవచ్చు. జూన్ మొదట్లో పై కనుమ మీద ఇంకా మంచు ఉండొచ్చు గనుక కార్వెండెల్‌హౌస్ కోరిక ఉన్నవాళ్లు జులై దాకా ఆగడం మంచిది. ఆ రోజుక్కూడా వీలైతే మౌంటెన్ బైక్ అద్దెకు తీసుకోండి. హింటరౌటాల్‌కైతే మీ గ్రావెల్ సైకిల్ తీసుకుని మే నెలాఖరులోనే రావచ్చు, మంచు కరిగి ఈజార్ నిండుగా పారే రోజులవి.