కొట్టం గోడకు నక్షత్రమా, బొంత గళ్ళా?

పెన్సిల్వేనియాలోని బెర్క్స్, లీహై కౌంటీల్లో జర్మన్ మూలాల రైతులు 19వ శతాబ్దంలోనే కొట్టాల చెక్క గోడల మీద నేరుగా నక్షత్రాలు వేయించుకున్నారు. పెద్ద వృత్తలేఖినితో చెక్కపై గీతలు గీసి, వాటి మధ్య రంగు నింపేవారు. ఎండకూ మంచుకూ రంగు రాలిపోయినా, అది కాపాడిన చెక్క చుట్టుపక్కల కంటే కాస్త ఉబ్బెత్తుగా మిగులుతుంది. వేలితో తడిమితే నక్షత్రం తగులుతుంది! ఇవి దిష్టి తగలకుండా వేసినవన్న మాట 1924లో వచ్చిన ఒక పుస్తకంతో బాగా పాకింది. నాకైతే అందం కోసమే వేశారనిపిస్తుంది.

బొంత మీది గళ్ళ నమూనాను పలకపై రంగులతో వేసి కొట్టం గోడకు బిగించే ఒహాయో బొంత గళ్ళ వయసు చిన్నది. బొంతలు కుట్టే తల్లి మీది ప్రేమతో డోనా స్యూ గ్రోవ్స్ 2001లో ఆడమ్స్ కౌంటీలో వీటిని మొదలుపెట్టారు. ఆ పలక సాధారణంగా ఎటు చూసినా 8 అడుగులుంటుంది. పాడైతే దించి బాగుచేసుకోవచ్చు. సౌకర్యం దీనిదే, కానీ నా మనసు మాత్రం చెక్కలో ఇంకిపోయిన ఆ పాత నక్షత్రం దగ్గరే ఉంది.