ప్లేనార్ హెడ్‌ఫోన్‌కి ముందు ఏది: ఆంప్లిఫయరా, ప్యాడ్లా?

"బావా, పన్నెండు వేలు పక్కన పెట్టాను. ఆంప్ కొననా, లేక హెడ్‌ఫోన్ విప్పి మాడ్ చేసుకోనా?"

చెన్నై షోలింగనల్లూరులో ఉండే మా బావమరిది అడిగాడు. ఈమధ్య ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందరి చేతిలోనూ దాదాపు అవే రెండు ప్లేనార్ మోడళ్లు (అయస్కాంతాల పక్కన పల్చటి పొర కదిలి శబ్దం పుట్టించే రకం): హైఫైమ్యాన్ హెచ్ఈ400ఎస్ఈ, లేదంటే ఫాస్టెక్స్ టీ50ఆర్‌పీ. అందరి బాధా ఒకటే. "అంత గొప్పది ఇంత గొప్పది అన్నారు, నాకేమో చప్పగా వినిపిస్తోంది." ఆ వెంటనే ఎవరో ఒకరు "ప్లేనార్‌కి కరెంట్ కావాలి, ఆంప్ పెట్టి చూడు, అప్పుడు తెలుస్తుంది" అనేస్తారు.

నేనూ ఆ మాట నమ్మి ఆంప్ కొన్నవాణ్ణే. అందుకే దాపరికం లేకుండా ముందే చెప్పేస్తున్నా, నా ఓటు ప్యాడ్లకీ (చెవుల చుట్టూ ఆనే మెత్తలకి), మాడింగ్‌కీ (విప్పి చేసుకునే మార్పులకి). ఆంప్ వాళ్ల వాదన ఉత్తదే అనను. కానీ ఆ మాట వర్తించే హెడ్‌ఫోన్లు వేరు, మనలో చాలామంది దగ్గర ఉన్నవి వేరు.

లెక్క చూద్దాం. హెచ్ఈ400ఎస్ఈ ఇంపీడెన్స్ (కరెంట్‌కి అది పెట్టే అడ్డు) 25 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి వచ్చే చప్పుడు) మిల్లీవాట్‌కి 91 డెసిబెల్స్. సంగీతంలో ఒక్కసారిగా ఎగిసే దెబ్బలు 110 డెసిబెల్స్ దాకా పోవాలనుకుందాం. అది చాలా పెద్ద చప్పుడు. రోజంతా ఆ స్థాయిలో వింటే చెవులు మిగలవు, నేనంటున్నది క్షణకాలపు శిఖరాల గురించి. దానికి కావలసింది దాదాపు 79 మిల్లీవాట్లు. అంటే 1.4 వోల్టులు, 56 మిల్లీఆంప్‌లు. ఫోన్‌కి తగిలించే చిన్న డాంగిల్ (హెడ్‌ఫోన్ జాక్ అడాప్టర్) 1 వోల్ట్ ఇచ్చి, ఆ కరెంట్ కూడా భరించగలిగితే 107 వస్తుంది. తేడా 3 డెసిబెల్స్. టీ50ఆర్‌పీ మార్క్ 3 అయితే 50 ఓమ్‌లు, 92 డెసిబెల్స్. అదే డాంగిల్‌తో 105 దాకా పోతుంది. కొన్ని డాంగిళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తి వాల్యూమ్ ఇవ్వవు, ఆ గొడవ వేరు. ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇప్పుడు హైఫైమ్యాన్ వాళ్లదే పాత హెచ్ఈ6 చూడండి. 50 ఓమ్‌లు, 83.5 డెసిబెల్స్. అదే 110కి దాదాపు 450 మిల్లీవాట్లు కావాలి, అంటే 4.7 వోల్టులు. డాంగిల్ అక్కడ చేతులెత్తేస్తుంది. స్పీకర్ ఆంప్‌కి తగిలించి విన్నవాళ్లూ ఉన్నారు. "ప్లేనార్‌కి కరెంట్ కావాలి" అన్న మాట ఇలాంటి వాటి నుంచే పుట్టి, ఇప్పుడు అన్ని ప్లేనార్లకీ అంటుకుంది. పైగా చాలామంది ఓమ్‌లు చూసి భయపడతారు. చూడాల్సింది సెన్సిటివిటీ.

"చప్పుడు చాలు, కానీ ఆంప్ పెడితే నాణ్యత మారుతుంది కదా?" అనేది రెండో ప్రశ్న. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి డైనమిక్ హెడ్‌ఫోన్‌లో ఇంపీడెన్స్ ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది, బేస్ దగ్గర గుట్టలా లేస్తుంది. ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువైతే ఆ గుట్ట దగ్గర బేస్ ఉబ్బుతుంది. అక్కడ ఆంప్ మారితే స్వరూపం నిజంగానే మారొచ్చు. ప్లేనార్‌లో ఆ గుట్ట లేదు. పల్చటి పొర మీద పరిచిన తీగ అంతటా ఒకేలా, దాదాపు ఉత్త రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది. కాబట్టి ఆంప్ మారిస్తే చప్పుడు మారుతుంది, శబ్దం రంగు మారదు.

ఇది చదివి తెలుసుకున్నదే కాదు, ఇంట్లో పరీక్షించాను కూడా. రెండు వైపులా వాల్యూమ్ సమానం చేయకపోతే పరీక్షకి అర్థం లేదు, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. దాని కోసం చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఒక చవక మల్టీమీటర్ కొన్నా. ఇంటికొచ్చి చూస్తే దాంట్లో ఏసీ వోల్టేజ్‌కి అన్నిటికంటే చిన్న రేంజ్ 200 వోల్టులు! హెడ్‌ఫోన్ మీద ఉండేది 0.3 వోల్ట్. మళ్లీ ఆ బజారు దగ్గర్లోని చింతాద్రిపేట స్టేషన్‌లో దిగి, "మిల్లీవోల్టులు చూపించేది కావాలి" అని అడిగి తెచ్చుకున్నా. 100 హెర్ట్జ్ టోన్ పెట్టి (మామూలు మీటర్లు పెద్ద ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పు చెబుతాయి), స్ప్లిటర్ వైర్ ఒక కొస కోసి, ఆ రాగి పోగుల మీద ప్రోబ్‌లు ఆనించి డాంగిల్‌నీ ఆంప్‌నీ ఒకే వోల్టేజ్‌కి తెచ్చా. తర్వాత మా ఆవిడ ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని జాక్ మార్చడం, నేను గోడవైపు తిరిగి వినడం. పదిసార్లు. ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా ఐదు వచ్చేవి.

"అయితే ఆ ఆంప్ పెట్టె వెనక్కి ఇచ్చేయండి" అంది మా ఆవిడ. ఇవ్వలేదనుకోండి. ఎందుకో తర్వాత చెబుతా.

ఇక ప్యాడ్ల సంగతి. దీనికి మీటరూ అక్కర్లేదు, కళ్లు మూసుకోనూ అక్కర్లేదు. ఒక్క సెకను చాలు. చెవికీ డయాఫ్రమ్‌కీ (శబ్దం చేసే పొరకీ) మధ్య ఎంత దూరం, లోపల ఎంత గాలి, ఆ గాలి ఎంత బయటికి కారిపోతోంది అన్నవి ప్యాడ్ తేలుస్తుంది. ప్లేనార్ బేస్ కింది దాకా చదునుగా పోతుంది అంటారు కదా, అది ప్యాడ్ తలకి సరిగ్గా అతుక్కున్నప్పుడు. నాకు కళ్లజోడు ఉంది. జోడు కమ్మీ చెవి వెనక్కి పోయేచోట ప్యాడ్ కింద చిన్న సందు పడుతుంది. టీ50ఆర్‌పీతో వచ్చిన పల్చటి ప్యాడ్ మీద ఆ సందును వేలితో నొక్కి మూస్తే మృదంగం తొప్పి (బేస్ పలికే ఎడమ వైపు) "గుమ్" అని పలికింది. వేలు తీస్తే "టప్". ఒకే పాట, ఒకే ఆంప్. ఆ రోజుతో నా అనుమానం తీరిపోయింది.

లావుపాటి, మెత్తటి ప్యాడ్లు వేశాక వేలితో పనిలేకుండా పోయింది, చెవి తమ్మె లోపలి ప్లాస్టిక్‌కి తగలడం కూడా ఆగింది. కానీ ప్యాడ్ ఏదైనా మంచిదే అనుకోవద్దు. చిల్లులున్న తోలు ప్యాడ్లు బేస్‌ని తగ్గిస్తాయి. పూర్తిగా మూసుకునే తోలు బేస్ పెంచుతుంది గానీ, గొంతు, తీగవాద్యాలు ఉండే పైభాగాన్ని అటూఇటూ చేస్తుంది. హెచ్ఈ400ఎస్ఈకి ఒకసారి తోలువి వేసి చూశా, గాయకుడు డబ్బాలో కూర్చుని పాడినట్టుంది. రెండు రోజుల్లో తీసేశా. ఆ మోడల్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ రింగు ఉంటుంది, దాని కొక్కేలు పట్టుక్కున విరుగుతాయి, గోటితో మెల్లగా లేపాలి.

చెన్నైలో మరో చిక్కు ఉంది. మే నెల చెమటకి రెగ్జిన్ ప్యాడ్లు పొట్టు రాలతాయి. స్నానం చేసొచ్చి పెట్టుకుంటే చెవుల మీద నల్ల పొరలు. ఇక్కడ మఖమల్ లాంటి వెలోర్ గుడ్డ నయం, ఉతుక్కోవచ్చు, కానీ కాస్త బేస్ పోతుంది.

టీ50ఆర్‌పీ అయితే ప్యాడ్‌తో ఆగబుద్ధి కాదు. మాడింగ్ అనగానే ప్రపంచమంతా చెప్పే పేరు ఇదే. ఇప్పుడు సొంత హెడ్‌ఫోన్లు చేసే డ్యాన్ క్లార్క్ మొదట్లో దీన్నే మార్చి మ్యాడ్ డాగ్ అని అమ్మాడు, జెడ్ఎమ్ఎఫ్ అనే హెడ్‌ఫోన్ కంపెనీ వాళ్లూ దీనితోనే మొదలుపెట్టారు. ప్యాడ్ లాగేస్తే నాలుగు స్క్రూలు కనిపిస్తాయి. అవి తీస్తే చెవి మీది కప్పు విడిపోతుంది. లోపల ఉత్త ప్లాస్టిక్ గోడలు, డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) వెనక నుంచి వచ్చిన శబ్దం వాటికి కొట్టుకుని మళ్లీ చెవికే వస్తుంది. ఆ గోడలకి బ్లూటాక్ (పోస్టర్లు అతికించే మెత్తటి ముద్ద) పల్చగా అద్ది, పైన ఫెల్ట్ గుడ్డ ముక్క, దాని మీద కొంచెం దూది. కప్పుకి ఉన్న గాలి రంధ్రాన్ని మందుల షాపులో దొరికే పేపర్ టేపుతో సగం మూసి బేస్ సరిచూసుకోవాలి. ప్యాడ్లు కాక మొత్తం ఖర్చు మూడొందలు దాటలేదు.

మైలాపూర్‌లో కచేరీకి ముందు మృదంగం ఆయన తొప్పికి తడిపిన రవ్వ ముద్ద అద్దడం చూసే ఉంటారు. కొంచెం అద్దడం, కొట్టి చూడడం, కాస్త గీకేయడం, మళ్లీ కొట్టి చూడడం. ఇదీ అంతే. నేను మొదటిసారి రెండు కప్పుల్లోనూ దూది కుక్కి కుక్కి పెట్టా. పాటలో ప్రాణం పోయింది, తాళాలు తడిగుడ్డ మీద పడ్డట్టు మోగాయి. సగం తీసేశాక దారికొచ్చింది. రెండు వైపులా ఒకే బరువు బ్లూటాక్ ఉండాలి, వంటింటి తక్కెడ మీద తూచా. లేకపోతే గాత్రం ఒక పక్కకి జరుగుతుంది.

జాగ్రత్త ఒక్కటే: లోపల బలమైన అయస్కాంతాలుంటాయి. స్క్రూ డ్రైవర్ చేతిలోంచి లాక్కుంటాయి. ఆ పొర మీద మొన గుచ్చుకుందంటే డ్రైవర్ పోయినట్టే. ఇనుప రజను ఉన్న బల్ల మీద అసలు విప్పొద్దు. వారంటీ సంగతి సరేసరి.

ఇంతలో "ఇవన్నీ ఎందుకు, ఈక్యూ ఉచితమే కదా" అంటారు. ఈక్యూ అంటే బేస్, గొంతు లాంటివి విడివిడిగా హెచ్చుతగ్గించే సాఫ్ట్‌వేర్. నిజమే. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్. మోడల్ పేరు కొడితే ముందే సిద్ధం చేసిన ఆటోఈక్యూ సెట్టింగులు దొరుకుతాయి. ప్లేనార్లలో డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) తక్కువ కాబట్టి బేస్ పెంచినా మామూలుగా గరగరలాడవు. కానీ ప్యాడ్ సందులోంచి కారిపోయే బేస్‌ని ఈక్యూ నమ్మకంగా పూడ్చలేదు, ఎందుకంటే తల తిప్పితే సందు మారుతుంది, సెట్టింగ్ మారదు. చెవి నొప్పినీ అది తగ్గించలేదు. అందుకే నా వరసలో ప్యాడ్ తర్వాతే ఈక్యూ.

నా ఆంప్ కథ ఇక్కడే మలుపు తిరిగింది. బేస్ 5 డెసిబెల్స్ పెంచాలంటే, శబ్దం చిట్లకుండా ముందు మొత్తాన్ని 5 తగ్గించాలి. ఆ తగ్గిన చప్పుడు తిరిగి రావాలంటే మూడు రెట్లకి పైగా పవర్ కావాలి. ఇందాకటి 79 మిల్లీవాట్లు 250 అవుతాయి, 1.4 వోల్టులు 2.5 అవుతాయి. ఇక్కడ డాంగిల్ చాలదు. ఈక్యూ పెట్టిన రోజు నుంచే నా ఆంప్ తన తిండి తాను సంపాదించుకుంటోంది. ఇప్పటికీ అది రంగు మార్చదు, నేను పెట్టిన రంగుకి చోటిస్తుంది.

మామూలు హెడ్‌ఫోన్ ఆంప్ చాలు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒకటి రెండు ఓమ్‌ల లోపు ఉంటే సరి. వాళ్లు చెప్పే పవర్ 32 ఓమ్‌ల దగ్గర ఎంతో చూసుకోండి. కొన్నాక "గుంయ్" అని హమ్ వస్తే ఆంప్‌ని తిట్టకుండా ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మా ఇంట్లో ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సే దానికి కారణం.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఓటీఎల్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని) ట్యూబ్ ఆంప్‌లు ఎక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లకి, మనకి కాదు. బాలెన్స్‌డ్ కేబుల్ (రెండు చెవులకీ తీగలు పూర్తిగా విడివిడిగా పోయేది) వల్ల కొన్ని ఆంప్‌లలో ఎక్కువ పవర్ వస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. వెండి తీగలు మెడకే అందం.

బావమరిదికి ఇదంతా ఫోన్‌లో చెప్పా. వాడిది టీ50ఆర్‌పీ. ప్యాడ్లు, ఫెల్ట్, బ్లూటాక్ కలిపి మూడు వేల లోపే అయింది. మొన్న ఆదివారం కప్పు విప్పిన ఫొటో పంపాడు, స్క్రూ ఒకటి అయస్కాంతానికి అతుక్కుని ఉంది, "దీన్ని ఎలా తీయాలి?" అని. ప్లాస్టిక్ పుల్లతో తీయించా. రాత్రికి "బావా, వీణ వేరేగా ఉంది" అని మెసేజ్.

మిగిలిన తొమ్మిది వేలు దాచుకోమన్నా. ఇవాళ పొద్దున ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో హెచ్ఈ6 కనిపించిందని లింక్ పంపాడు. దానికి మాత్రం ఆంప్ కావాలిరా అని జవాబు పెట్టా.