పిస్టన్ రకం పీవీటీ యంత్రం: ఆరేళ్ల వాడకం, సీలు మీద ఒక ఫిర్యాదు

కరిగిన పాలిమర్ల (ప్లాస్టిక్‌ల) సాంద్రతను పీడనం కింద కొలిచే ఈ పీవీటీ (పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత) యంత్రాన్ని మా ప్రయోగశాలలో ఆరేళ్లుగా నేనే నడుపుతున్నాను. నా ఫిర్యాదంతా, పాలిమర్ కారిపోకుండా పిస్టన్ కొసన బిగించే టెఫ్లాన్ సీలు మీదే.

కొత్తలో, ఒకే గ్రేడును (పాలిమర్ రకాన్ని) మూడుసార్లు కొలిస్తే, పీడనంతో ఘనపరిమాణం ఎలా మారుతుందో చూపే మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మూడో ఏట, బాగా పలుచగా పారే ఒక పాలీప్రొపిలీన్‌ను 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1000 బార్ల దాకా ఒత్తితే, ఘనపరిమాణం 13 శాతం తగ్గినట్టు చూపింది. పీడనానికి ఘనపరిమాణం ఎంత తగ్గుతుందో చెప్పే టైట్ సమీకరణంతో లెక్క వేస్తే అది 9 శాతానికి అటూ ఇటూ ఉండాలి. రెండోసారీ 13 శాతమే రావడంతో, సమీకరణపు గుణకాలే ఈ గ్రేడుకు సరిపడవేమోనని వారం రోజులు వాటినే అనుమానించాం. పీడనం దించాక కూడా పిస్టన్ మొదటి చోటికి రాకుండా మిల్లీమీటరుకు పైగా కిందనే ఆగిపోతున్నదని అప్పటికి గాని గమనించలేదు. చల్లారిన ముక్కను తీసి తూస్తే, 1 గ్రాము పోసిన చోట 0.96 గ్రాములే ఉంది. తక్కినది సీలు దాటి పిస్టన్ కాడకు పలుచని పొరగా అంటుకుని ఉంది. యంత్రం కొలిచేది పిస్టన్ దిగిన దూరాన్నే కాబట్టి, పాలిమర్ నొక్కుకుని దిగినా, కారిపోయి దిగినా దానికి ఒకటే. కారడం కూడా ప్రతిసారీ ఒకేలా జరిగితే గీతలు చక్కగానే కలుస్తాయి. నా పాత పొగడ్తలో ఎంత భాగం అలాంటిదో ఇప్పుడు చెప్పలేను.

అప్పటినుంచి ప్రతి ముక్కనూ పరీక్ష ముందూ తర్వాతా తూస్తున్నాను. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఈ మాట లేదు. తక్కువ పీడనాల విలువలను వాతావరణ పీడనానికి పొడిగించి, మెల్ట్ ఫ్లో యంత్రంలో (కరిగిన పాలిమర్‌ను బరువుతో సన్నని రంధ్రం గుండా తోసేది) పది నిమిషాలకు వచ్చే బరువును అదే వ్యవధిలో వచ్చే ఘనపరిమాణంతో భాగిస్తే తేలే సాంద్రతతో పోలుస్తాను. పాలీప్రొపిలీన్‌కు 230 డిగ్రీల దగ్గర అది ఘన సెంటీమీటరుకు 0.74 గ్రాములకు దగ్గరగా రావాలి. కొత్త సీలు వేసిన రోజున రెండూ బాగానే కలుస్తాయి.

పాదరసంలో నమూనాను ముంచి ఒత్తే పద్ధతిలో ఈ గొడవ లేదు, పైగా గట్టిపడిన పాలిమర్ మీద కూడా పీడనం అన్ని వైపులా సమంగా పడుతుంది. అయితే అంత వేడిలో వచ్చే పాదరసపు ఆవిరిని భద్రంగా బయటకు పంపే ఏర్పాటు మా గదిలో లేదు. మాకు ఎక్కువగా వచ్చేవి చిక్కటి పాలీస్టైరీన్, పాలిథిన్ రకాలు. ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఒత్తి వస్తువులు చేయడం) లెక్కలకు వాటి విలువలు సరిపోతున్నాయి గనుక దీన్ని మార్చే ఆలోచన లేదు. పలుచటి గ్రేడులే ఎక్కువగా పరీక్షించాల్సి ఉంటే మాత్రం, కొనేముందు అలాంటి గ్రేడునే వెంట తీసుకెళ్లి, నా ఎదుటే నడిపించి, ముక్కను తూయించేవాణ్ణి.