రెండు రోజుల విపత్తు శిక్షణ: ముందు జాగ్రత్త బాగా నేర్పారు, ఆ తర్వాతి సంగతే తేలిగ్గా వదిలేశారు

ఇదివరకు వరద చూసిన మా కాలనీ నుంచి 34 మందిమి కలిసి ఒక స్వచ్ఛంద సంస్థ ఇచ్చే రెండు రోజుల విపత్తు సన్నద్ధత శిక్షణ తీసుకున్నాం. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి శిక్షణ మీరు ఎవరి దగ్గర తీసుకున్నా చూసుకోవాల్సిన విషయాలు ఇంచుమించు ఇవే కాబట్టి వివరంగా రాస్తున్నాను. తప్పకుండా తీసుకోండి. కాకపోతే వరద నీళ్లు తగ్గాక ఏం చేయాలో కూడా నేర్పుతారా అని ముందే అడగండి.

మొదటి రోజు పొద్దున రెండు గంటలు స్లైడ్లే. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో విపత్తుల నష్టం తగ్గించడానికి దేశాలన్నీ ఒప్పుకున్న ప్రణాళిక గురించి చెప్పారు. అది 2030 దాకా నడుస్తుంది, అందులో ముఖ్యమైన పనులు నాలుగు. ముప్పును అర్థం చేసుకోవడంతో మొదలై, దెబ్బతిన్నదాన్ని మునుపటికన్నా గట్టిగా కట్టుకోవడం దగ్గర ముగుస్తాయి. విషయం మంచిదే కానీ ట్రైనర్ స్లైడ్ మీద ఉన్నది ఉన్నట్టు చదివేశాడు, వెనక కూర్చున్న పెద్దవాళ్లకు సగం అర్థం కాలేదు.

మధ్యాహ్నం నుంచి మాత్రం వేరే శిక్షణకు వచ్చామా అనిపించింది. నేల మీద పెద్ద చార్టులు పరిచి, మీ కాలనీ మ్యాప్ మీరే గీయండి అన్నారు. నీళ్లు ముందు ఎక్కడ నిలుస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది, రాత్రి ఏ గేటుకి తాళం వేస్తారు, మంచం దిగలేనివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, అన్నీ మా చేతే గుర్తు పెట్టించారు. అందరం ఇన్నేళ్లుగా ఏదైనా అయితే స్కూలు బిల్డింగ్‌కి వెళ్లిపోదాం అనుకుంటున్నాం. నైట్ డ్యూటీ చేసే ఒక అక్క మ్యాప్ చూసి, ఆ స్కూలుకి వెళ్లాలంటే కల్వర్టు దాటాలి కదా, వానొస్తే ముందు మునిగేది అదే కదా అంది. ఒక్కసారిగా అందరం చప్పబడిపోయాం. ఈ ఒక్క విషయం తెలిసినందుకే రెండు రోజులూ ఇవ్వొచ్చు.

హెచ్చరిక గురించి కూడా బాగా చెప్పారు. మా వీధిలో ఇద్దరు భార్యాభర్తలకు వినపడదు, సైరన్ మోగినా వాళ్లకు తెలియదు. అలాంటి ఇళ్లకు వెళ్లి లేపాల్సింది ఎవరు, ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఇంకెవరు అని పేర్లు రాయించారు. ఇక్కడ చెప్పిన ఉదాహరణలు నాకు బాగా గుర్తుండిపోయాయి. ఇండోనేషియాలోని సిములూ దీవిలో 1907లో సునామీ వచ్చి చాలా మంది పోయారు. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కాలి అనే మాటను అక్కడివాళ్లు పాటల్లో, కథల్లో పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారు. 2004 సునామీలో ఆ దీవి మొత్తం మీద చనిపోయింది ఏడుగురే అంటారు. బంగ్లాదేశ్‌లో 1970 తుపానుకి మూడు లక్షల మందికి పైగా పోయారు. 1972లో అక్కడ తుపాను వాలంటీర్ల కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు 76 వేలకు పైగా ఉన్నారు, వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. కబురు తెచ్చేది తెలిసిన మనిషైతే జనం ఇల్లు వదిలి కదులుతారు, తెలియని గొంతు మైకులో ఎంత అరిచినా ఇంకాసేపు చూద్దాం అనుకుంటారు. వరద వచ్చిన రోజు మేమూ అలాగే కూర్చున్నాం.

రెండో రోజు మాక్ డ్రిల్. రెండు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచర్ చేయడం, రక్తం కారుతుంటే గట్టిగా అదిమి పట్టడం నేర్పారు. పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషి పడిపోవచ్చు, 30 ఉంటే చిన్న కారు కూడా కొట్టుకుపోవచ్చు అన్నారు. మోకాళ్ల లోతే కదా అని దిగేవాళ్లందరూ ఇది వినాలి. జపాన్‌లో 1995 కోబె భూకంపంలో శిథిలాల కింద నుంచి బయటపడ్డవాళ్లలో ఎక్కువ మందిని లాగింది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగేనట. అందుకే ఈ భాగానికి పూర్తి మార్కులు. కాకపోతే డ్రిల్ పెట్టింది ఎండ వేళ, అందరికీ ముందే చెప్పి. కరెంటు లేని రాత్రి ఒక్కసారైనా చేయించాలి.

ఇక అసలు కొరత. నీళ్లు తగ్గాక ఏం చేయాలన్నదానికి ఇచ్చింది చివరి నలభై నిమిషాలు. అప్పటికే సగం మంది చెప్పులు వేసుకుంటున్నారు. మాకు వరద వచ్చినప్పుడు అసలు టెన్షన్ మొదలైందే నీళ్లు పోయాక. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు వీధి మొదట్లో ఇద్దరిని అడిగి వెళ్లిపోయారు. అద్దెకున్నవాళ్ల పేర్లు ఎక్కనే లేదు. కుట్టుపని మీద ముగ్గురు పిల్లల్ని పెంచుతున్న ఒకావిడ మిషన్ బురదలో పాడైపోతే, గోడ కూలలేదు కాబట్టి నష్టం లేదని రాశారు. చేతిలో డబ్బు కావాల్సిన రోజుల్లో పాత బట్టల మూటలు వచ్చి పడ్డాయి. ఏం కావాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు.

2001 గుజరాత్ భూకంపం తర్వాత చాలా చోట్ల ఎవరి ఇల్లు వాళ్లే దగ్గరుండి కట్టుకున్నారు, డబ్బు విడతలుగా వచ్చింది, ఇంజనీర్లు భూకంపాన్ని తట్టుకునేలా ఎలా కట్టాలో చూపించారు. ట్రైనర్ దీన్ని రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాడు. నా లెక్కలో దానికే ఒక పూట ఇవ్వాలి. నష్టం జాబితా అందరి ముందు చదివి వినిపించాలని ఎలా పట్టుబట్టాలి, కమిటీలో అద్దెవాళ్లు, ఆడవాళ్లు ఉండేలా ఎలా చూసుకోవాలి, ఇవన్నీ ముందే కూర్చుని తేల్చుకోవాల్సినవి. బురద ఎత్తిపోస్తూ తేల్చుకోలేం.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ మ్యాప్ లేకపోతే రెండే.

తర్వాతి ఆదివారం పదిహేను మందిమి మళ్లీ కూర్చుని, ఇంటింటికీ తిరిగి సామాన్ల ఫొటోలు తీసి, కాగితాల కాపీలు కవర్లలో పెట్టి, అద్దెవాళ్లతో సహా ఒక పట్టిక రాసుకున్నాం. కుట్టుమిషన్ కూడా రాశాం. ట్రైనర్‌కి ఫోన్ చేసి చెబితే, ఈ పట్టిక తీసుకుని వస్తే తర్వాతి బ్యాచ్‌లో దీనికి ఒక పూట పెడతానన్నాడు. పెడితే మార్కులు మారుస్తాను.