గుండె సర్జన్ కావాలంటే: ఎంఎస్ తర్వాత ఎంసీహెచ్చా, నేరుగా ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీనా?

లెక్క రెండింటికీ ఆరేళ్లే. ఎంబీబీఎస్ తర్వాత జనరల్ సర్జరీలో 3 ఏళ్లు (ఎంఎస్), ఆపై సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి సీటీవీఎస్‌లో, అంటే గుండె, ఛాతీ, రక్తనాళాల సర్జరీలో మరో 3 ఏళ్లు (ఎంసీహెచ్). లేదా నీట్ పీజీ ర్యాంకుతోనే నేరుగా ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే సూపర్ స్పెషాలిటీ అర్హత) సీటు. రెండో దారిలో ఒక ప్రవేశ పరీక్ష తప్పుతుంది, మధ్యలో ఏడాది ఖాళీ పోయే భయమూ ఉండదు.

అసలు తేడా చేతి పనిలో ఉంటుంది. ఎంఎస్ చేసినవారికి కణజాలం పట్టుకోవడం, రక్తస్రావం ఆపడం ముందే వచ్చి ఉంటాయి. కానీ బైపాస్ కోసం కాలి సిర తీయడం, స్టెర్నాటమీ (ఛాతీ ఎముక కోసి తెరవడం), కాన్యులేషన్ (గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి కలిపే గొట్టాలు అమర్చడం), 7-0 ప్రోలీన్ అనే సన్నటి దారంతో కుట్లు, ఇవన్నీ మూడేళ్లలోనే ఇమడాలి. సిరను సిరంజితో మరీ ఉబ్బించి లోపొర చెడగొట్టడం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాక ఏసీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) చూడకుండా తొందరపడటం కొత్తవాళ్లు చేసే తప్పులు. సాధారణంగా ఏసీటీ 480 సెకన్లు దాటాకే పంపు మీదికి, అంటే ఆ యంత్రం మీదికి వెళ్లాలి. నేరుగా చేరినవారికి ఈ అలవాట్లు నిదానంగా పట్టే వీలుంది, ఆసుపత్రిలో కేసులుంటేనే సుమా.

మధ్యలో మానేస్తే? ఎంఎస్ దారిలో చేతిలో ఒక డిగ్రీ మిగులుతుంది, నేరుగా చేరితే ఏమీ మిగలదు. ఎంసీహెచ్ సీటీవీఎస్ సీట్లు ఏటా కొన్ని ఖాళీగానే ఉంటున్నాయి కాబట్టి, గుండె మీద మనసు స్థిరపడనివారికి ఎంఎస్ దారే మేలు.