పారిస్‌లో పాత ఫ్రెంచ్ క్రైమ్ సినిమాల వెంట: బస ఎక్కడ, ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు

పాత ఫ్రెంచ్ క్రైమ్ సినిమాల పిచ్చితో పారిస్ వెళ్లేవాళ్లకి ముందుగా బస గురించి చెప్తాను. బార్ల పేట అయిన పిగాల్‌లో వద్దు, సోర్బోన్ యూనివర్సిటీ ఉన్న లాటిన్ క్వార్టర్‌లో రూమ్ తీసుకోండి. మెల్విల్ తీసిన 'బాబ్ లె ఫ్లాంబర్' (1956) చూసినవాళ్లకి పిగాల్ మీదకే మనసు పోతుంది, అది సహజం. తెల్లవారుజామున కొండ మీద సాక్రె కర్ చర్చి, అక్కడి నుంచి కిందికి దిగే ఫ్యునిక్యులర్ (కొండ వాలు మీద తాడుతో నడిచే రైలు పెట్టె), కింద ఆరిపోబోతున్న బార్ల లైట్లు, ఆ మొదటి కొన్ని నిమిషాలు చూస్తే అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. టూలూజ్‌లో ఉద్యోగం చేసే మా బావ మొదటి రాత్రులకి అక్కడే ఒక చిన్న హోటల్ బుక్ చేశాడు. రెండు సూట్‌కేసులు తెరిస్తే నిలబడటానికి చోటు లేదు, లిఫ్ట్‌లో మనిషైనా పట్టాలి, పెట్టె అయినా పట్టాలి. కింద బార్ నుంచి తెల్లవారేదాకా గోల. బ్రేక్‌ఫాస్ట్ కలిసే ఉందని బుకింగ్‌లో రాసి, వెళ్లేటప్పుడు దానికి విడిగా డబ్బు తీసుకున్నారు, సిటీ ట్యాక్స్ సంగతి సరే, అది అందరూ కట్టాల్సిందే. సినిమాలోని ఆ పిగాల్ ఇప్పుడు లేదు, ఉన్నది కాక్‌టెయిల్ బార్లూ టూరిస్టులూ. పొద్దున ఆరింటికి వెళ్లి ఫ్యునిక్యులర్ ఎక్కి, మెట్ల మీదుగా కిందికి నడిచి వచ్చేస్తే చాలు.

తర్వాత లాటిన్ క్వార్టర్‌లోని రూ దెజెకోల్ ('రూ' అంటే వీధి) దగ్గరికి మారాం. రేటు కొంచెం ఎక్కువే, రూమ్ కూడా పెద్దదేం కాదు. కానీ రాత్రి ఆట వదిలాక నాలుగు అడుగులేస్తే మంచం మీద ఉంటాం, దానికోసం ఎంతైనా ఇవ్వొచ్చు. సోర్బోన్ పక్కనే రూ షాంపోలియన్ అని ఒక పొట్టి సందు ఉంది. అందులో మూడు సినిమా హాళ్లు: 1938 నుంచి ఉన్న 'లె షాంపో', 'లా ఫిల్మోతెక్', 'రెఫ్లే మెదిసిస్'. మూడింట్లోనూ పాత సినిమాలు రోజూ ఆడతాయి. నా దృష్టిలో ఈ యాత్రలో అసలు క్షేత్రం ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ కలుపుకునేవే.

'రిఫిఫి' (1955) ఇక్కడ తెర మీద చూశాం. కమ్యూనిస్టు ముద్రతో అమెరికాలో బ్లాక్‌లిస్ట్‌లో పడి పనిలేకుండా పోయిన దర్శకుడు డాసిన్ పారిస్ వచ్చి తీసిన సినిమా, తాళాలు తెరిచే ఇటాలియన్ సేజార్ వేషం కూడా వేరే పేరుతో ఆయనే వేశాడు. నగల దుకాణం దోపిడీ దాదాపు అరగంట, మాట లేదు, మ్యూజిక్ లేదు. పై అంతస్తు నేలకి చిన్న కన్నం పెట్టి, అందులోంచి మూసిన గొడుగు దించి, కింద తెరుస్తారు, రాలే పెచ్చులు గొడుగులో పడి చప్పుడు రాకుండా. ఇంట్లో టీవీలో ఇది ఎన్నోసార్లు చూశాను కానీ హాల్లో వందమంది ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు ఆ పెచ్చు రాలిన చిన్న శబ్దానికి వచ్చే టెన్షన్ వేరు. నా ముందు సీటు పెద్దాయన కోటు తీయబోయి, ఆ చప్పుడు వినిపిస్తుందని సగంలో ఆపేశాడు, ఆ సీన్ అయ్యేదాకా ఒక చెయ్యి స్లీవ్‌లోనే. పాప్‌కార్న్ నమిలేవాళ్లు ఎవరూ లేరు.

ఒక విషయం మాత్రం తెలుసుకుని వెళ్లండి: ఫ్రెంచ్ సినిమాలకి అక్కడ మామూలుగా ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉండవు. అందుకని కథ తెలిసినవే ఎంచుకోండి, లేదా 'రిఫిఫి'లాగా మాటలతో పనిలేనివి. మెల్విల్ 'లె సెర్కిల్ రూజ్' (1970)లో కూడా దోపిడీ పాతిక నిమిషాల పైమాటే, అంతా మౌనంగా నడుస్తుంది. హాళ్లలో కొత్త వారం బుధవారం మొదలవుతుంది, ప్రోగ్రామ్ అప్పుడే మారుతుంది, రాగానే చూసి ప్లాన్ వేసుకోండి. బెర్సీలోని సినిమాతెక్ ఫ్రాంసేజ్ (పాత సినిమాలు భద్రపరిచి చూపించే సంస్థ) మంగళవారం మూసేస్తారు. అక్కడి మెలియెస్ మ్యూజియం, తొలినాటి ట్రిక్ సినిమాలది, బాగుంది కానీ క్రైమ్ సినిమా కోసమే వెళ్తే అందులో మనకి దొరికేది తక్కువ.

ఇప్పుడు లొకేషన్లు. నాకు అన్నిటికన్నా నచ్చింది మెట్రో లైన్ 11. 'లె సమురాయ్' (1967)లో అలైన్ డెలాన్‌ని పోలీసులు వెంబడించే భాగం గుర్తుంది కదా, జుర్దాఁ, ప్లాస్ దె ఫెత్ స్టేషన్లు, షాట్లేలో కదిలే నడకదారి. లైన్‌ని బాగు చేసి 2024లో ఊరి బయటిదాకా పొడిగించారు కాబట్టి స్టేషన్లు అప్పట్లా లేవు, అయినా ఎక్కి దిగుతుంటే మెల్విల్ లెక్క అర్థమవుతుంది: తలుపు మూసుకునే క్షణం ముందు దిగిపోతే వెనకాలవాడు లోపలే చిక్కుకుంటాడు, ఆ ఒక్క సెకను మీద అంత సీనూ నిలబెట్టాడు. ఖర్చు ఒక్క టికెట్టే.

పదమూడో వార్డులో రూ జెన్నెర్‌కి నా పట్టు మీద వెళ్లాం. మెల్విల్ సొంత స్టూడియో అక్కడే ఉండేది, పైన కాపురం, కింద సెట్లు. 'లె సమురాయ్' తీస్తుండగా 1967 జూన్‌లో తగలబడిపోయింది. డెలాన్ గదిలో పంజరంలో కూసే ఆ పిట్ట కూడా ఆ మంటల్లోనే చచ్చిపోయింది. ఇప్పుడు అక్కడ చూడటానికి ఏమీ లేదు, మామూలు ఇళ్లు, పక్కన పెద్ద ఆసుపత్రి, వీధి చివర వంతెన మీద పోయే లైన్ 6 రైళ్లు. మెల్విల్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు తప్ప ఎవరూ వెళ్లక్కర్లేదు. నేను వెళ్లినందుకు చాలా సంతోషంగా ఉంది.

అక్కడే మా బావకీ నాకూ వాదన. "ఒరేయ్, మీ మెల్విల్ మనుషులు టోపీ సర్దుకోవడానికే పుట్టారురా, బెకెర్ మనుషులు తింటారు, పళ్లు తోముకుంటారు" అన్నాడు. దర్శకుడు బెకెర్ తీసిన 'తూషే పా ఓ గ్రిస్బి' (1954) గురించి ఆ మాట. అందులో దొంగబంగారం దాచుకున్న హీరో గాబిన్, నేస్తాన్ని రహస్య ఫ్లాట్‌కి తీసుకొచ్చి, కరకరలాడే రస్కుల మీద మాంసం ముద్ద రాసి పెట్టి, వైన్ పోసి, పడుకోబోయే ముందు పైజమా, టూత్‌బ్రష్ ఇస్తాడు. అందులో బావ మాట కాదనలేను. కానీ "బావా, ఒంటరితనం చూపించాలంటే మెల్విల్ తర్వాతే" అన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

బెకెర్ కోసం లా సాంతే జైలు గోడ దగ్గరికి వెళ్లాం, పధ్నాలుగో వార్డు. 1947లో అక్కడ నిజంగా జరిగిన పారిపోయే ప్రయత్నమే 'లె ట్రూ' (1960). ఆ ప్రయత్నంలో ఉన్న ఖైదీల్లో ఒకాయనే అందులో నటించాడు కూడా. సిమెంటు నేలని ఇనప కడ్డీతో బాదే సీన్‌లో కట్ పడదు, నిమిషాలకి నిమిషాలు మనమూ బాదినట్టే ఉంటుంది. టూత్‌బ్రష్‌కి అద్దం ముక్క కట్టి తలుపు కన్నంలోంచి వరండా చూస్తారే, అదీ మర్చిపోలేం. జైలు ఇప్పటికీ నడుస్తోంది, కాబట్టి ఫొటోల జోలికి పోకుండా బులెవార్ అరాగో వెంట గోడ పక్కన నడవండి. అంత ఎత్తు గోడ, దాని అవతల చెట్లు, కార్లు, మామూలు జనం. అక్కడి నుంచి రూ కంపాఞ్ ప్రెమియేర్ నడక దూరమే, 'బ్రెత్‌లెస్'లో బెల్మాండో పరిగెత్తి పడిపోయే వీధి. పావుగంట చాలు.

ప్లాస్ వాండోమ్‌లో నిలబడి 'సెర్కిల్ రూజ్' దోపిడీ తలుచుకోవచ్చు, అంతకు మించి ఏమీ లేదు, నగల షాపుల ముందు గార్డులు కదలమంటారు. షాంజెలిజే ఇంకా నిరాశ. లూయీ మాల్ మొదటి క్రైమ్ సినిమా 'అసాన్సర్ పూర్ లెషఫో' (1958)లో జాన్ మోరో రాత్రంతా ప్రియుడి కోసం తిరిగేది అక్కడే. కెమెరామన్ దెకే షాపుల అద్దాల్లోంచి వచ్చే వెలుతురుతోనే ఆమె ముఖాన్ని తీశాడు. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆ సినిమా సంగీతాన్ని 1957 డిసెంబరులో ఒక్క రాత్రిలో వాయించాడు. ఇప్పుడు ఆ రోడ్డు మీద చీకటే మిగల్లేదు, ముఖం మీద నీడ పడే చోటు లేదు. ఆ సంగీతం చెవిలో పెట్టుకుని నడవాలంటే సీన్ నది ఒడ్డుకి వెళ్లండి, క్వే దెజోర్ఫెవ్ర్ వైపు. 36వ నంబరు పోలీసు ఆఫీసు 2017లో బాతిఞోల్ పేటకి మారింది గానీ ఆ రాతి కట్టడం, కింద నది, రాత్రి పదకొండు తర్వాత చాలా బాగుంటాయి.

సినిమా వాకింగ్ టూర్ ఒకటి డబ్బు పెట్టి చేశాం. గైడ్ మంచి మనిషే, కానీ సగం టైమ్ సాక్రె కర్ ఉన్న మోంమార్త్ కొండ మీద ఈమధ్య సినిమాల కెఫేల ముందే నిలబెట్టారు, క్రైమ్ అని రాసింది ప్రకటనలోనే. అది వదిలేయొచ్చు.

ప్రయాణానికి: 2025లో మెట్రో సింగిల్ టికెట్ 2.50 యూరోలు, ఎయిర్‌పోర్ట్‌ది 13 ఉండేది. వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, కాబట్టి సోమవారం దిగితే ఎయిర్‌పోర్ట్ రైలు కూడా అందులోనే కలిసిపోతుంది, ఆదా బాగా కనపడుతుంది. అన్నం మీద బెంగ పుడితే లా షాపెల్ మెట్రో దగ్గర శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె, అన్నం, కూర దొరుకుతాయి, రేటూ తక్కువే. 'బాబ్' దోచాలనుకున్న క్యాసినో కోసం డోవిల్ వెళ్లాలనుకుంటే సాన్ లజార్ స్టేషన్ నుంచి రెండు గంటల పైన పడుతుంది, పాస్ చెల్లదు, టికెట్ ముందే కొనండి, వెళ్తే ఒక రాత్రి ఉండేట్టే వెళ్లండి.